చత్వారం

రిజిస్ట్రేషన్ అనే మాట వినబడితే చాలు, మా ఆవిడ చెవులు రిక్కిస్తుంది. ఎక్కడో ఓ రెండు వందల గజాల స్థలం మా పేర రాయించుకునే రోజు వచ్చిందేమో అని ఆవిడ ఆశ. అంచేత మొన్నో శనివారం సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెడుతూనే, "మొత్తానికి రిజిస్ట్రేషన్ కుదిరిందోయ్!" అని ప్రకటించేసరికి, కాఫీ మామూలుకంటే రెట్టింపు నురుగుతో వచ్చింది. తీరా కుదిరింది స్థలం కాదనీ, ఎవరో బడిపిల్లల టీషర్టుల మీద ఆకుపచ్చ రంగు నల్లగీత దాటకుండా కూర్చుందనీ చెప్పాక, మర్నాటి కాఫీలో నురుగు మళ్ళీ మామూలుకి దిగిపోయింది.

అసలు జరిగిందేమిటో మొదటినించీ చెబుతాను.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. పాత పత్రికల కోసం నెలకి రెండు మూడు శనివారాలు అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు. ఈ మధ్య ఆ పత్రికల్లో అక్షరాలు చిన్నవైపోతున్నాయి. ఎప్పుడో అచ్చైన అక్షరాలు ఇప్పుడెలా చిన్నవవుతాయని మీరు అడగవచ్చు. నేనూ అదే ఆలోచించాను. పుస్తకం చేయి చాచినంత దూరంలో పెడితే కనబడేవి. చేయి ఇంకొంచెం పొడుగైతే బాగుండుననిపించింది గాని, కళ్ళజోడు సంగతి తట్టలేదు. తట్టనివ్వలేదు అంటే నిజం చెప్పినట్టవుతుంది. చత్వారం అనే మాట నలభైని చెప్పే 'చత్వారింశత్' నించి వచ్చిందని క్లాసులో చెప్పడం వేరు, అది వచ్చి మన ఇంటి తలుపు తట్టడం వేరు.

గ్రంథాలయం నించి నాలుగడుగులు వేసి ఓ సందులోకి తిరిగితే, నా పాత శిష్యుడి స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం. నా దగ్గర తెలుగు చదివి రంగుల్లో బతుకుతున్నవాడు. అక్కడ ఓ చాయ్ తాగితే గాని నా శనివారం పూర్తి కాదు.

ఆ పని సూత్రం తేలికే. ఒక చట్రానికి సన్నని పాలియెస్టర్ వల బిగిస్తారు. వెలుతురు తగిలితే గట్టిపడే పూత దానికి పూస్తారు. బొమ్మ ఉన్న ఫిల్ము దానిమీద పెట్టి దీపం వేస్తే, బొమ్మ నలుపు కింద ఉన్న పూత గట్టిపడదు. నీళ్ళతో కడిగితే పోతుంది. ఆ ఖాళీల్లోంచి స్క్వీజీతో రంగు లాగితే గుడ్డ మీద బొమ్మ పడుతుంది. వెనక ఈ వల పట్టుతో చేసేవారు. 1907లో మాంచెస్టర్‌కి చెందిన శామ్యూల్ సైమన్ దానికి పేటెంటు కూడా తీసుకున్నాడు.

చిక్కంతా రెండో రంగు దగ్గరే వస్తుంది. రంగుకో చట్రం కావాలి. నాలుగు రంగులైతే నాలుగు చట్రాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట దిగాలి. దాన్నే వాళ్ళు రిజిస్ట్రేషన్ అంటారు. అది తప్పితే ఏమవుతుందో మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు గోడ క్యాలెండర్లలో లక్ష్మీదేవి పెదవుల ఎరుపు గడ్డం మీదికి జారడం, సినిమా తార బొట్టు జుట్టులోకి ఎక్కడం చూసినవాళ్ళమే.

ఈ దుకాణంలో ఆ పని చాచాది. నయాపూల్ దాటితే వచ్చే ఛత్తాబజార్‌లో, శుభలేఖలు అచ్చువేసే చోట కుర్రతనంలో చేరి పని నేర్చిన మనిషి. చట్రం దించి, వలలోంచి మొదటి అచ్చుకేసి చూసి, వేలి కణుపుతో చట్రాన్ని చిన్న దెబ్బ కొట్టేవాడు. అంతే, కావలసినంత జరిగేది. నాలుగు రంగులు కుదరడానికి గంట పట్టేది. ఆ గంటసేపూ దుకాణంలో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

పోయిన చలికాలం నించి చాచా దెబ్బలు గురి తప్పడం మొదలెట్టాయి. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ముదరలేదన్నారు. అదే రోజుల్లో మావాడు అప్పుచేసి ఆరు రంగుల ఆటోమేటిక్ మిషన్ ఒకటి, ఎవరో వాడి వదిలేసింది, కొన్నాడు. చూడ్డానికి జాతరలో రంగులరాట్నంలా ఉంది. చొక్కా తొడిగిన పలకలు గుండ్రంగా తిరుగుతూ ఒక్కో చట్రం కింద ఆగుతాయి. ఇలా తిరిగే యంత్రాన్ని మైఖేల్ వాసిలంటోన్ అనే అమెరికన్ 1960లో వాడకంలోకి తెచ్చాడు. 1969లో దానికి పేటెంటు వచ్చింది. తిరగడం మొదలెడితే గంటకి వందల చొక్కాలు. కాని రంగులు కుదిరేదాకా అదీ ఉత్త ఇనపముక్కే, అప్పుకి వడ్డీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అందుకని వాడు రిజిస్ట్రేషన్ సామాను కూడా తెచ్చాడు. అదొక పలక. చొక్కా ఉండే చోట దాన్ని బిగించి, చట్రాన్ని దాని పిన్నులకి ఆనేలా తోసి, బిగింపులు వేసేయడమే. వెలుతురు చూపించే బల్ల మీదా సరిగ్గా అవే చోట్ల పిన్నులుంటాయి. ఫిల్ము అక్కడే కొలత ప్రకారం కూర్చుంటుంది కనక, మిషన్ మీదికి వచ్చాక కళ్ళతో వెతుక్కునే పని ఉండదు.

"చాచాకి ఇగ రెస్టే సార్," అన్నాడు మావాడు.

చాచా అవతల బక్కెట్లో స్క్వీజీలు కడుగుతున్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఆ మనిషి జీతం మీద ఇంట్లో ముగ్గురు తింటారని మాత్రం నాకు తెలుసు. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాను.

తీరా చూస్తే ఆ పలక వేరే ప్రెస్సు కొలతలకి చేసింది. దాని పిన్నులు సరిగ్గా ఈ మిషన్ బిగింపులు వచ్చే చోటే ఉన్నాయి. మావాడు లేత్ షాపుకి పోయి, పిన్నుల చోటు మార్చి కొత్త అల్యూమినియం పలక చేయించాడు. పాతదానికి మూడు పిన్నులుంటే, గట్టిగా ఉంటుందని మేస్త్రి పక్క వైపు ఇంకోటి వేసి నాలుగు చేశాడు. దీపం బల్ల మీదా నాలుగు పెట్టారు.

బడి ఆటల పోటీలకి చొక్కాలు సోమవారం ఇవ్వాలి. నేను వెళ్ళిన శనివారం ఆకుపచ్చ రంగు నల్లగీత దాటి 2 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. చట్రం తీసి మళ్ళీ పెడితే ఇంకో వైపుకి పోయింది. మూడోసారి మరో దారి.

"కుదుర్తలేదు సార్. పైసలన్నీ మూసీల పోసినట్టే," అని మావాడు స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడు చాచా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, చట్రానికీ పిన్నుకీ మధ్య దూర్చాడు. పోలేదు. రెండోదాని దగ్గర పోలేదు. మూడోదాని దగ్గర పోలేదు. నాలుగోదాని దగ్గర జర్రున జారింది. చట్రం తీసి మళ్ళీ తోశాడు. ఈసారి నాలుగోది బిగిసింది, మూడోది వదులైంది.

"బేటా, మూడు కాళ్ళ పీట ఎక్కడేసినా నిలబడతది. నాలుగు కాళ్ళ కుర్చీకే కాయితం మడిచి పెట్టాల్సి వస్తది. నాలుగోది తీసెయ్," అన్నాడు.

నేను ఆలోచిస్తే ఎంత సబబో తెలిసింది. ఒక వైపు రెండు పిన్నులకి ఆనితే చట్రం వంకర పోదు. పక్క వైపు ఒక్కదానికి ఆనితే అటూ ఇటూ జారదు. ఇక కుదరడానికి మిగిలిందేమీ లేదు. చట్రం మూలలు ఏవీ నిక్కంగా చదరం కావు కనక, నాలుగోది వచ్చి చేరితే ఒకసారి ఈ మూడింటికీ, ఇంకోసారి ఆ మూడింటికీ ఆనుతుంది.

రెండు బల్లల మీదా నాలుగో పిన్ను ఊడదీశారు. ప్రతి చట్రం మీదా ఒకే మూలకి చాచా ఎర్రరంగు చుక్క పెట్టించాడు, ఎప్పుడూ అవే అంచులు పిన్నులకి తగలాలని. చట్రాలు మళ్ళీ తయారుచేసేసరికి చీకటి పడింది. మిషన్ తిరిగింది. ఆకుపచ్చ వచ్చి నల్లగీత లోపల ఒదిగింది. మిగిలిన వెంట్రుకవాసి సర్దడానికి మిషన్‌కే చిన్న మరలున్నాయి.

ఇక్కడ నాకు తోచిన విశేషం ఒకటి ఉంది. ఏ సామాను వస్తే చాచా పని పోతుందని మేం అనుకున్నామో, ఆ సామాను వల్లే ఆయన పని నిలిచింది. ఇదివరకు ఆ పనికి కళ్ళు కావాలి, ఇప్పుడు వేళ్ళు చాలు. చట్రం పిన్నుకి ఆనిందో లేదో చెప్పడానికి ఆ వేళ్ళకి దీపం కూడా అక్కర్లేదు. మావాడు గ్రహించినట్టే ఉన్నాడు. రెస్టు మాట మళ్ళీ ఎత్తకుండా, "చాచా, సోమవారం జర జల్ది రా," అన్నాడు.

వెళ్ళబోతుంటే చాచా ఆ బస్సు టిక్కెట్టు నాకిచ్చి, దానిమీద ఛార్జీ ఎంతుందో చదవమన్నాడు. నేను దాన్ని చేయి చాచినంత దూరం పట్టుకున్నాను. ఆయన నవ్వి, "సాబ్, మీకూ కావాలి," అన్నాడు.

మర్నాడే కళ్ళజోడు కొన్నాను. అక్షరాలన్నీ మళ్ళీ తమ తమ సైజుకి వచ్చాయి. అద్దంలో చూసుకుంటుంటే ఇదీ చాచా లెక్కేనని తట్టింది. రెండు చెవులు, ఒక ముక్కు. మూడంటే మూడే ఆనికలు, ఎంత తల ఊపినా కదల్లేదు.

మా ఆవిడతో ఆ మాటే చెప్పాను. "అయితే మీ రిజిస్ట్రేషనూ అయిందన్నమాట," అంది.