మలంచాలో ఒక చింతచెట్టు

సెలవు ప్రయాణ రాయితీ మంజూరైన ప్రతిసారీ మా విభాగంలో ఒక ప్రశ్న తప్పదు. ఈసారి ఎక్కడికి? కొందరు కాశ్మీరు అంటారు, కొందరు అండమాన్ అంటారు. ఈ పర్యాయం మేము మలంచా అన్నాము. అది ఏ రాష్ట్రంలోని వేసవి విడిది అని మిత్రులు తిరిగి అడిగారు. అది విడిది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఒక పేట. మా బాల్యంలో ఆరేళ్ళు అక్కడే గడిచాయి. చూడదగిన కట్టడం గాని, కొనదగిన శాలువా గాని అక్కడ లేవు. మేము వెళ్ళినది ఒక చింతచెట్టు ఎక్కడానికి. ఈ సంగతి ప్రయాణానికి ముందు ఎవరికీ చెప్పలేదు, మా శ్రీమతికి తప్ప. ఆమె అన్న మాటలు ఈ పత్రికలో అచ్చు వేయదగినవి కావు.

విశాఖపట్నం వైపు నుండి హౌరా వెళ్ళే రైలులో, హౌరాకు సుమారు 115 కి.మీ. ముందు ఖరగ్‌పూర్ వస్తుంది. ఈ ఊరి ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిన్ననాడు బడిలో వల్లె వేశాము. తరువాతి కాలంలో పొడిగించగా అది 1072.5 మీటర్లకు చేరింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. మలంచాలో ఉంటున్న మా మేనత్త మాత్రం ఈ వార్తను ఇప్పటికీ అంగీకరించదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కూడలిని, కర్మాగారాన్ని నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా తరలివచ్చారు. తరాలు గడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటు కల్పించాలని నిర్ణయించినప్పుడు ముందుగా వినిపించినది ఖరగ్‌పూర్ తెలుగువారి పేరే. మలంచా వీధి చివరి కిరాణా దుకాణంలో బెంగాలీ, హిందీ, తెలుగు ఒకే వాక్యంలో వినవచ్చు. అయినా అక్కడి తెలుగులో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు. 'ఏటి' అన్న ప్రశ్న వెంట 'దాదా' అన్న సంబోధన వచ్చినా అక్కడ ఎవరికీ విడ్డూరం కాదు.

స్టేషను నుండి టోటోలో దిగేసరికి మేనత్త ఇల్లు కొంచెం మారినట్లు కనిపించింది. పెంకులు పోయి స్లాబు వచ్చింది. పెరటిలోని ఎర్రని మొరంనేల అదే. చింతచెట్టు అదే.

కోతికొమ్మచ్చి తెలియని తెలుగువారు అరుదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు తమ ఆత్మకథకు ఆ పేరే పెట్టుకున్నారు. ఒక గిరి గీసి, ఒకడు కాలెత్తి దాని క్రింద నుండి కర్రను దూరంగా విసురుతాడు. దొంగ దానిని తెచ్చి గిరిలో పెట్టేలోగా మిగిలినవారందరూ చెట్టెక్కాలి. దొంగ ఎవరినైనా అంటుకోవాలి. అతడు ఈ కొమ్మ ఎక్కేసరికి వీళ్ళు ఆ కొమ్మ మీదికి మారాలి. ఆటలోని విద్య అంతా ఆ మారడంలోనే ఉన్నది. మలంచా పిల్లలం ఆ చింతచెట్టు కొమ్మలకు పేర్లు కూడా పెట్టుకున్నాము. జీను వలె వంగి ఉన్నది గుర్రం కొమ్మ. దానికి ఎదురుగా, కొంచెం ఎగువన ఉన్నది అవతలి కొమ్మ. గుర్రం కొమ్మ నుండి అవతలి కొమ్మకు దూకడం మా బావకు, అనగా మేనత్త కుమారునికి, ఒక్కనికే చేతనైన పని. మాకంటే మూడేళ్ళు పెద్ద.

మా పదకొండవ యేట, వేసవి సెలవులలో ఒక మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ నిద్రిస్తుండగా మేము ఒంటరిగా ఆ చెట్టెక్కాము. ఎవరూ చూడకుండా ఆ దూకుడు అభ్యసించి సాయంత్రం అందరినీ ఆశ్చర్యపరచాలని సంకల్పం. తీరా దూకే ధైర్యం చాలలేదు. పాదాలు గుర్రం కొమ్మ మీదనే ఉంచి, ముందుకు వ్రాలి, రెండు చేతులతో అవతలి కొమ్మను పట్టుకున్నాము. ఆ కొమ్మ కొద్దిగా క్రిందికి వంగి దూరమైంది. అంతే, శరీరం రెండు కొమ్మల నడుమ వంతెన అయిపోయింది. పాదాలు ముందుకు తీసుకుందామంటే చేతులకు అంత బలం లేదు. చేతులు వదిలి వెనుకకు వద్దామంటే నడుము అప్పటికే పాదాలను దాటిపోయింది. కేక వేస్తే అత్త లేచి వస్తుంది, కేక వేయకపోతే ఎవరూ రారు. పది నిమిషాలో, రెండు నిమిషాలో తెలియదు. వేళ్ళు జారిపోయాయి. ఎడమ మణికట్టు విరిగింది.

బావే దూకమన్నాడని చెప్పాము. ఆ సాయంత్రం కర్మాగారం నుండి వచ్చిన మామయ్య బావను నడుము బెల్టుతో కొట్టిన చప్పుడు, పిండికట్టుతో మంచం మీద పడుకొని విన్నాము. మరి ఏడాదికి మా తండ్రిగారికి బదిలీ అయింది. ఆ మాట దిద్దుకొనే అవకాశం మరల రాలేదు. వచ్చినప్పుడు మేమే రానివ్వలేదు.

ఇంజనీరింగు చదివేటప్పుడు దూలాల పాఠం వచ్చిన రోజున మాకు గుర్తుకు వచ్చినది ఏ వంతెనో కాదు, గుర్రం కొమ్మ. కొమ్మ అనేది ఒక చివర మాత్రమే బిగించిన దూలం. మొదలుకు ఒక మీటరు దూరంలో నిలిచిన మనిషి రెండు మీటర్లకు జరిగితే మొదలుపై పడే వంపు రెట్టింపవుతుంది. కొమ్మ మందం సగమైతే దాని బలం సగం కాదు, ఎనిమిదవ వంతు అవుతుంది. మనిషి చివరకు పోయేకొద్దీ ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. ఇక కర్ర స్వభావం వేరు. చింత, జామ వంగి హెచ్చరిస్తాయి. మునగ చెప్పాపెట్టకుండా విరుగుతుంది. పొగిడి పడవేయడాన్ని మునగచెట్టు ఎక్కించడం అన్నవారు ఆ చెట్టు ఎక్కి చూసినవారే అయి ఉండాలి. బెంగాల్‌లో మరొక చిక్కు కలదు. చైత్ర వైశాఖాలలో వచ్చే కాలబైశాఖి గాలివానకు పైకి కనబడని పగుళ్ళు మిగిలిపోతాయి. కనుక పాత పరిచయం ఉన్న కొమ్మనైనా ప్రతిసారీ క్రొత్తగా పరీక్షించవలసినదే.

ఆనాడు మేము చేసిన తప్పు చేతులు దూరంగా చాచడం. చేయి చాచవలసినది ముందుకు కాదు, పైకి. పైనున్న కొమ్మ సగం బరువు మోస్తే కాలిక్రింది కొమ్మకు భారం తగ్గుతుంది. బోర్నియో, సుమత్రా అడవుల ఒరాంగుటాన్ పెద్ద శరీరంతో సన్నని కొమ్మలపై తిరగగలగడానికి ఒక కారణం అదే. అది బరువును ఒక్క కొమ్మకు అప్పగించదు, పైనా క్రిందా నాలుగైదింటికి పంచుతుంది. ఎడం ఎక్కువైతే తానున్న చెట్టునే ఊపి దగ్గరకు తెచ్చుకుంటుంది. శ్రీలంకలో కొబ్బరి కల్లు తీసేవారు చెట్ల తలల మధ్య కొబ్బరిపీచు తాళ్ళు కట్టి, క్రింది తాడుపై నడుస్తూ, పై తాడును పట్టుకొని ఒంటరిగా ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు వెళతారు. ఇక్కడ కూడా కాలికొకటి, చేతికొకటి.

చెట్టెక్కడం ఒక వినోదంగా, తాళ్ళతో, పద్ధతి ప్రకారం నేర్పే సంస్థలు పాశ్చాత్య దేశాలలో ఉన్నాయి. వాటిలో ట్రీ క్లైంబర్స్ ఇంటర్నేషనల్‌ను పీటర్ జెన్‌కిన్స్ 1983లో అమెరికాలోని అట్లాంటాలో స్థాపించారు. అక్కడ నేర్పే ముఖ్య సూత్రం మన కర్మాగార సోదరులకు క్రొత్తది కాదు. ఎత్తులో పనిచేసేటప్పుడు హార్నెస్‌కు రెండు లాన్యార్డులు ఉంటాయి. ఒక కొక్కెం బిగించిన తరువాతనే రెండవది విప్పాలి. చెట్టు మీద కొక్కేనికి బదులు తాడును కొమ్మ చుట్టూ త్రిప్పి కట్టుకుంటాము. తేడా అంతే. తెలంగాణలో గీత కార్మికుల కోసం ప్రభుత్వం 2024 జులైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట ఇటువంటి సామగ్రినే పంపిణీ చేయనారంభించింది. తరతరాలుగా మోకు ఒక్కదానినే నమ్ముకున్న వృత్తికి అది ఆలస్యంగా అందిన రెండవ తాడు.

ఒంటరిగా ఎక్కడం గురించి ఒక మాట. మన దగ్గర ఎత్తు పనికి అనుమతి పత్రం ఉంటుంది, క్రింద ఒకరు ఉంటారు. హార్నెస్‌లో కదలకుండా వ్రేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పవచ్చు. అందుచేత ఒంటరిగా ఎక్కేవాడు చెట్టుమీద ఒంటరిగా ఉండవచ్చును గాని, నేలమీద ఎవరికీ తెలియకుండా ఉండరాదు. ఏడాదిపాటు మా టౌన్‌షిప్ వేపచెట్టుపై తక్కువ ఎత్తులో అభ్యసించినంత కాలం శ్రీమతి వంటింటి కిటికీ తెరిచి ఉంచేది. మలంచాలో బావను అడిగాము. పదకొండు గంటలకు దిగకపోతే నిచ్చెన తెమ్మన్నాము.

జనవరి ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాము. ఇసుక సంచికి సన్నని దారం కట్టి పై కొమ్మ మీదుగా విసరడానికే పదిసార్లు పట్టింది. ఇరుగుపొరుగు పిల్లలు చేరి ప్రతిసారీ లెక్కపెట్టారు. అత్త వరండాలో కూర్చొని, "ఏటి నాయినా, ఈ వయసులో సెట్టెక్కుతావేటి? సింతపండు కావాలంటే బజార్లో దొరకదేటి?" అన్నది. ఆ దారంతో అసలు తాడు పైకి లాగి, బరువు వేసి పరీక్షించి ఎక్కాము.

మొదట తూర్పువైపు లావు కొమ్మకు మారాము. పై తాడు బిగువుగా ఉంచి, పాదం కొమ్మ మొదటిలో, మాను నుండి కొమ్మ చీలే చోటనే వేశాము. రెండవ తాడును క్రొత్త కొమ్మకు చుట్టాము. మొదట చేతితో, తరువాత సగం బరువుతో, తరువాత పూర్తి బరువుతో లాగి చూశాము. అప్పటి వరకు పాత కొమ్మను వదలలేదు. మాను నుండి దూరం జరిగేకొద్దీ పై తాడు ఏటవాలుగా మారి మనిషిని వెనుకకు లాగుతుంది. కాలు జారితే గడియారపు లోలకం వలె పోయి మానుకు కొట్టుకుంటాము. కొమ్మకు కట్టిన రెండవ తాడు అందుకే. తాడు రాపిడికి బెరడు ఒలిచిపోకుండా పాత కాన్వాసు ముక్క చుట్టాము. నాలుగు అడుగుల దూరానికి పావుగంట పట్టింది. పదకొండేళ్ళ వయసులో రెప్పపాటు పని.

అక్కడి నుండి తిరిగి వచ్చి గుర్రం కొమ్మ మీద కూర్చున్నాము. చెట్టు తల పైకి పెరుగుతుంది గాని కొమ్మ పుట్టిన చోటు పైకి జరగదు. మాను, కొమ్మ లావెక్కుతాయి, ఎత్తు మారదు. మీటరుకొక రంగు దారం కట్టిన తాడు వదిలి కొలిచాము. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. మా జ్ఞాపకంలో అది రెండంతస్తుల మేడ.

అవతలి కొమ్మ లేదు. అది ఉన్న చోట బెరడు నలువైపుల నుండి పెదవుల వలె ముడుచుకొని ఉన్నది. దాని క్రింద నుండి వేరొక కొమ్మ వచ్చింది, మన మోచేయి లావు ఉంటుంది. దూరం మీటరు. చేయి చాచి రెండవ తాడు దానికి చుట్టి, సగం బరువు వేశాము. జానెడు వంగింది. ఇంకొంచెం వ్రాలాము. నడుము పాదాలను దాటబోతున్నట్లు తెలిసింది. పై తాడు పట్టుకొని వెనుకకు వచ్చేశాము. ఈసారి అది వీలైంది. గడియారం పది నలభై చూపుతున్నది.

అక్కడ కూర్చొనే బావకు చెప్పాము. ఆనాడు అతడు ఇంట్లో నిద్రపోతున్నాడని, దూకమన్నది ఎవరూ కాదని. ఎదురుగా కూర్చొని అనలేని మాట పై నుండి సులువుగా వచ్చింది. అతని ముఖం మాకు కనబడలేదు, నడినెత్తి బట్టతల మాత్రమే కనబడింది.

"ఓస్, అదేటి!" అన్నాడు బావ. "ఆ దెబ్బలు నీ సెయ్యిరిగినందుక్కాదు. ఆవేళ పొద్దున్నే బీడీ కాలుస్తా నాన్నకి దొరికిపోనాను. ముందు నువ్వు దిగు. పదకొండవతంది."

దిగాము. తాళ్ళు చుట్టాము. బావ బీడీ గాని సిగరెట్టు గాని కాల్చగా మేము ఏనాడూ చూడలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, అతడు చేయి కడుగుకోవడానికి వెళ్ళినప్పుడు, చిన్నతనంలో ఆ అలవాటు ఉండేదా అని అత్తను నెమ్మదిగా అడిగాము. ఆమెకు చెవి సరిగా వినబడదు.

"ఆ కొమ్మా?" అన్నది. "పెద్దగాలికి ఇరిగిపోయింది నాయినా. రెణ్ణెల్లు పొయ్యిలోకి సరిపోయింది."