మలక్‌పేట నుంచి కోదాడ దాకా: రహదారి వెంట పెరిగిన ఊళ్లు

హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటిన విజయవాడ రహదారికి మొదట తగిలేది మలక్‌పేట. పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే ఈ దారికి పాత నంబరు 9, ఇప్పటి నంబరు 65. జిల్లా పట్టణాలు ఎదిగితే రాజధానికి లాభమా, నష్టమా అన్న ప్రశ్నకు తెలంగాణలో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

మలక్‌పేట మహబూబ్ మాన్షన్ మార్కెట్ ఉల్లికీ ఎండుమిర్చికీ పేరుపడ్డది. లారీ దిగిన బస్తా మూతి విప్పి, పిడికెడు మిర్చి అరచేతిలో పోసుకుని, రంగు చూసి కమిషన్ ఏజెంటు ధర చెబుతాడు. హమాలీ బస్తాను కాంటాకెక్కిస్తాడు. పంట జిల్లాది, ధర పలికేది పట్నంలో. రాజధానికీ పల్లెకూ ఉన్న పాత సంబంధం ఇదే.

దిల్‌సుఖ్‌నగర్‌లో సరుకు మారుతుంది. ఇక్కడికి వచ్చేది చదువుకున్న యువత. గ్రూప్స్, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల కోచింగ్ బోర్డులు, వాటి పక్కనే హాస్టల్ బోర్డులు. మెట్రో పిల్లరు నంబరే చిరునామా. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం పల్లెల్లో వడ్లమ్మిన డబ్బు నెలనెలా ఇక్కడ ఫీజుగా, అద్దెగా మారుతుంది. పెద్ద నగరం చుట్టుపక్కల ప్రాంతాల మనుషులనూ పెట్టుబడినీ లాగేసుకోవడం ఒక శక్తి, తన ఎదుగుదలను చుట్టూ పంచడం మరో శక్తి అని ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1957లో వివరించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కనిపించేది మొదటిదే.

ఎల్బీనగర్ 2007 ఏప్రిల్ దాకా విడి మున్సిపాలిటీ. తర్వాత జీహెచ్ఎంసీలో కలిసింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఇక్కడికి మెట్రో వచ్చింది. తూర్పున ఇళ్లు, పడమట హైటెక్ సిటీలో ఉద్యోగాలు కావడంతో రోజూ ఊరి ఆ కొస నుంచి ఈ కొసకు ప్రయాణం తప్పదు. ఉప్పల్, ఎల్బీనగర్ వైపు కూడా ఐటీ కంపెనీలను మళ్లించేందుకు ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానం తెచ్చింది. తలసరి ఆదాయంలో రాష్ట్రంలోకెల్లా ముందున్న రంగారెడ్డి జిల్లాలోనే ఎల్బీనగర్ ఉంది. కానీ ఆ ఆదాయంలో పెద్ద వాటా పడమటి కొసది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నగరం నుంచి బాటసింగారానికి తరలింది. పెద్ద అంబర్‌పేట దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాటితే చౌటుప్పల్ ప్రాంతం: మందుల పరిశ్రమలు, దండుమల్కాపూర్‌లో 2019లో మొదలైన చిన్న పరిశ్రమల పార్కు. భూమి చవక కాబట్టి ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చాయి. యజమాని, బ్యాంకు, అమ్మకాల ఆఫీసు మాత్రం పట్నంలోనే. భూగర్భజలం చెడుతుందన్న బెంగ ఊళ్లకు మిగిలింది. దీన్ని పట్టణాభివృద్ధి అనడం తొందరపాటు. ఇది రాజధాని చాచిన చెయ్యి.

పంతంగి టోల్‌గేటు, నార్కట్‌పల్లి, నకిరేకల్ గడిచాక టేకుమట్ల దగ్గర రహదారి మళ్లీ మూసీని దాటుతుంది. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చిన ఈ నీళ్లతోనే దిగువన వరి పండుతుంది. రాజధాని ఎదుగుదల ఖర్చులో కొంత జిల్లా రైతు భరిస్తున్నాడన్నది ఏ లెక్కల్లోనూ సరిగా చేరదు. చేరాలి.

విజయవాడకు దాదాపు సగం దారిలో సూర్యాపేట. 2016లో జిల్లా కేంద్రమైంది, 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, 2023లో ఐటీ హబ్ తెరిచారు. వీటిలో బలమైనది వైద్య కళాశాలే. రోగి హైదరాబాద్ బస్సెక్కే అవసరం తగ్గితే ఛార్జీలు, లాడ్జి అద్దె, పోయే కూలీ అన్నీ ఊళ్లోనే మిగులుతాయి. మందుల షాపు, మెస్సు, అద్దె ఇల్లు దాని వెనకే పెరుగుతాయి. రాజధాని ఆస్పత్రులకు మామూలు జ్వరాల రద్దీ తగ్గి, క్లిష్టమైన వైద్యం మీద దృష్టి పెట్టే వీలు చిక్కుతుంది. ఐటీ హబ్ భవనానికి అంత పట్టు లేదు. కంపెనీ నిలవాలంటే అనుభవమున్న ఉద్యోగులు, కొనేవాళ్లు దగ్గర్లో ఉండాలి.

కేంద్రం 1979-80లో చిన్న, మధ్య తరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకం తెచ్చినప్పుడు మార్కెట్లు, బస్టాండ్లు, రోడ్లు కట్టారు. నిధులు ఊరూరికీ పలచగా పంచడంతో ఏ పట్టణానికీ పూర్తి బలం రాలేదు. 2012లో ఈ దారి నాలుగు వరుసలైనప్పుడు ఆ బలహీనతే బయటపడింది: సొంత ఉపాధి లేని ఊరి నుంచి మంచి రోడ్డు మనుషులను మరింత త్వరగా పట్నం చేరుస్తుంది. మిల్లు, మార్కెట్ యార్డు, కాలేజీ ఉన్న ఊరికి అదే రోడ్డు బేరం తెస్తుంది. అలాంటి ఊరు రాజధాని నుంచి యంత్రాలు, సాఫ్ట్‌వేర్, నిపుణుల సేవలు ఎక్కువగా కొంటుంది కూడా.

కోదాడ రాష్ట్ర సరిహద్దు పట్టణం. చుట్టుపక్కల వరి, పక్కనే హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడి వ్యాపారికి హైదరాబాద్ ఎంతో విజయవాడ అంతే. పెద్ద వైద్యానికైనా, పిల్లల చదువుకైనా రెండు దిక్కులూ చూసుకుంటాడు. సరిహద్దు దాటిన జగ్గయ్యపేట, నందిగామ పూర్తిగా విజయవాడ వైపే మొగ్గుతాయి.