దొంగ భాష ఎవరిది?

లండన్ తూర్పు బస్తీల కాక్నీ జనం డబ్బును డబ్బు అనరు. 'బ్రెడ్ అండ్ హనీ' అంటారు. మనీకి హనీ ప్రాస. కిటుకు అక్కడితో ఆగదు. చాలాసార్లు ప్రాస కుదిరిన మాటనే మింగేసి మిగతాది పలుకుతారు. పది పౌండ్ల నోటు 'టెన్నర్'. దానికి ప్రాస కార్ల పందేల వీరుడు అయర్టన్ సెన్నా. వాడుకలో సెన్నా ఎగిరిపోయి వట్టి 'అయర్టన్' మిగులుతుంది. వెయ్యి 'గ్రాండ్'. దానికి ప్రాస 'బ్యాగ్ ఆఫ్ శాండ్', ఇసుక సంచి. చివరికి వెయ్యి పౌండ్లు 'బ్యాగ్' అయి కూర్చుంటాయి. తెలియనివాడు పక్కనే నిలబడ్డా ఎంత చేతులు మారిందో పోల్చుకోలేడు.

ప్రాసతో పనిలేని లెక్కలూ ఉన్నాయి. 25 'పోనీ', 500 'మంకీ'. మన దేశంలో 500 రూపాయల నోటు మీద కోతి బొమ్మ ఉండేదనీ, తెల్ల సిపాయిలు ఆ మాటను మోసుకెళ్లారనీ ఒక కథ. అలాంటి నోటు ఎవరూ చూపించలేదు. ఇక్కడ సర్కారు కాగితం నోట్లు 1861 చట్టం తర్వాత వచ్చినవి. లండన్‌లో ఆ మాట అంతకంటే పాతది.

1859లో జాన్ క్యామ్డెన్ హాటెన్ ప్రాస మాటలను నిఘంటువుకెక్కించాడు. పుస్తకం పేరులోనే 'వల్గర్ వర్డ్స్', అంటే మోటు మాటలు, అని ముద్ర వేశాడు. ఇవి వీధుల్లో పాటల కాగితాలు అమ్ముకునేవాళ్లవి, కేకలేసి సరుకమ్మేవాళ్లవి అన్నాడు. బీదవాళ్ల నోటి మాట కదా, పోలీసులకు అర్థం కాకుండా దొంగలు అల్లుకున్న భాష అనే పేరు కూడా అంటుకుంది. మరి 2009లో ఏమైంది? అదే తూర్పు లండన్‌లో కొన్ని ఏటీఎంలకు కాక్నీ నేర్పారు. క్యాష్‌ను 'సాసేజ్ అండ్ మాష్' అన్నాయి. పిన్ నంబరును 'హకల్‌బెరీ ఫిన్' అన్నాయి. దొంగ భాషకు డబ్బుల పెట్టె తాళం అప్పగించారు! మాటల తీరు అదే. నూటయాభై ఏళ్లలో వినేవాళ్ల చెవులు మారాయి.

ఆ చెవులు నాకు బాగా తెలుసు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. నాకు రెండూ పుట్టి పెరిగిన భాషలే. ఒక పత్రికలో పనిచేసేటప్పుడు అమ్మీ ఫోన్ చేస్తే ఉర్దూలో మాట్లాడేవాణ్ణి. ఫోన్ పెట్టగానే పక్క కుర్చీలోంచి నవ్వుతూ ఒక ప్రశ్న: "ఏంది భాయ్, మాకు తెల్వకుండ ఏం ముచ్చట?" అమ్మీ వచ్చేటప్పుడు పెరుగు తెమ్మంది, అంతే. చెప్పినా నమ్మినట్టు ఉండేది కాదు. ఆ మిత్రుడే దండగ ఖర్చు కనబడితే "చారానా కోడికి బారానా మసాలా" అనేవాడు. చారానా, బారానా ఏ భాషవో అని ఆయనకెన్నడూ అనుమానం రాలేదు. 1957లో నయాపైసలు వచ్చి అణాల లెక్క పోయింది. చారానాగా మిగిలిన 25 పైసల బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది. మాట మాత్రం తెలుగు నోట్లో ఇంకా చెల్లుతోంది. మీ నోట్లో చెల్లే మాట మా నోట్లో ఎందుకు చెల్లదు?

కాక్నీ ఎవరన్నదానికి పాత లెక్క ఒకటుంది. సెయింట్ మేరీ లె బో చర్చి గంట వినబడేంత దూరంలో పుట్టినవాళ్లు కాక్నీలు. ఆ లెక్క రక్తం అడగదు, మతం అడగదు. తూర్పు లండన్‌లోనే బ్రిక్ లేన్ ఉంది. అక్కడ ఫ్రాన్స్ నుంచి వచ్చిన హ్యూగెనాట్ క్రైస్తవుల కోసం 1743లో కట్టిన ప్రార్థనాలయం 1898లో యూదుల మందిరమైంది, 1976లో మసీదైంది. ఆ సందుల్లో బంగ్లాదేశీ పిల్లలు ఇంట్లో సిల్హెటీ, వీధిలో లండన్ ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగారు. బస్సులో వాళ్లు రెండు ముక్కలు సిల్హెటీలో అనుకుంటే ఉలిక్కిపడి చూసేవాళ్లు ఆ ఏటీఎంను ఒకసారి తలుచుకోవాలి. ఇక్కడ మా పక్క సీట్లో కూర్చునేవాళ్లు కూడా.