గేదెపాలూ కలంకారీ

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో కాగితం అంటించారు. ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా కలంకారీ నేర్పుతారట. మధ్యలో సమోసా, టీ. చివర సర్టిఫికెట్. సమోసాతో నాకు పేచీ లేదు. ఆ రెండు గంటలే ఒళ్ళు మండించాయి.

శ్రీకాళహస్తిలో రెండు గంటలకి ఏమవుతుంది? గుడ్డకున్న గంజి వదిలితే గొప్ప. తర్వాత దాన్ని కరక్కాయపొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానేసి, పిండి, ఎండెయ్యాలి. చింతబొగ్గుతో బొమ్మ గీసుకోవాలి. ఇక నల్లరంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి రోజుల తరబడి పులవనివ్వాలి. ఆ కంపు భరించినవాడే శిష్యుడు. వెదురుపుల్లకు చుట్టిన పీలికను ఆ నీళ్ళలో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తే, వెలిసినట్టుండే నీరు గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. కరక్కాయ వగరుకీ ఇనుముకీ అంత పొత్తు.

ఆ పొత్తు కాళహస్తి వాళ్ళకే తెలిసిందనుకుంటే పొరపాటు. మాలీలో బోగొలాన్‌ఫిని చేసేవాళ్ళు ఆకుల కషాయంలో ముంచిన గుడ్డ మీద మాగిన బురదతో బొమ్మలు వేస్తారు. జపాన్‌లోని అమామి ఓషిమా దీవిలో చెక్కపేళ్ళు ఉడికించిన రసంలో పట్టునూలు మళ్ళీ మళ్ళీ ముంచి, ఆపైన బురదమడిలో దిగి జాడిస్తారు. ఆ బురదల్లోనూ ఉన్నది ఇనుమే. వీళ్ళలో ఎవరినైనా పట్టుకుని సమోసా వేళకి నేర్పెయ్యమంటే ఏమంటారో ఊహించుకోవడం ఈ మధ్య నాకు మంచి కాలక్షేపం.

కలంకారీ అడుగంటిపోతోందని కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుంటే, 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్పిన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి కొడుకే గురప్పశెట్టి. తండ్రి దగ్గర పట్టుబడిన ఆ చేతికే 2008లో పద్మశ్రీ వచ్చింది.

అన్నట్టు, గేదెపాలే ఎందుకంటే వెన్న కోసం. ఆ జిడ్డు ఉండబట్టే రంగు గీత దాటి పక్కకి పాకదు. ఆదివారం పంతులుగారు ఏ పాలు తెస్తారో మరి. ప్యాకెట్ పాలే అయ్యుంటాయి. ఆ పాలకి మీగడ కట్టి ఎన్నాళ్ళయిందండీ!