మోత్కూరు డయానా

మా చిన్నతనంలో మోత్కూరు పిల్లలకు తెలిసిన తుపాకులు మూడే. పోలీసు ఠాణాలో గోడకు ఆనించి ఉండేవి ఒకటి. రజాకార్ల కాలం ముచ్చట్లలో ముసలివాళ్లు గొంతు తగ్గించి చెప్పే, మందు దట్టించే భర్మార్లు రెండోది. మూడోది పిట్టలదొర భుజం మీది కట్టె తుపాకి. దానితో ఎన్ని పులులు చచ్చాయో ఆయన నోటి వెంటే వినాలి. ఈ మూడూ కానిది మా మేనమామ ఇంట్లో దూలానికి వేలాడుతుండేది. గాలి తుపాకి. దాన్ని ఎవరూ గాలి తుపాకి అనేవారు కాదు. డయానా అనేవారు.

సికింద్రాబాద్ వదిలి విదేశం వెళ్లిపోతున్న ఓ ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం సామానంతా అమ్ముకుంటుంటే మామ దాన్ని కొన్నాడట. లోహపు గొట్టం మీద ఒక బొమ్మ. ఒక ఆడమనిషి చేతిలోని విల్లూ బాణాలూ పారేసి, తుపాకిని తలపైకెత్తి పట్టుకొని ఉంటుంది. డయానా రోమన్ల వేట దేవత అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దసరా నాడు ఆయుధాలకు బొట్టు పెట్టేటప్పుడు అమ్మమ్మ గొడ్డలి, కొడవలి, నాగలి కర్రుతో పాటు దానికీ కుంకుమ పెట్టేది. "ఎవరైతేంది బిడ్డా, అమ్మవారే గదా" అనేది. ఆ కుంకుమ బొమ్మ గీతల్లో ఇరుక్కొని ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేది.

ఆ తుపాకిలో మందుండదు. గొట్టాన్ని నడుము దగ్గర కిందికి వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి పిస్టన్ వెనక్కి వెళ్లి 'టక్'మని పట్టుకుంటుంది. సన్న నడుముతో, బోలు తోకతో ఉండే సీసపు పెల్లెట్ ఒకటి వెనక రంధ్రంలో పెట్టి గొట్టం సరిచేయాలి. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒత్తుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తంతుంది. గొట్టం లోపలి వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. నా బలానికి గొట్టం సగం వరకే వంగేది. అక్కడి నుంచి మామ వెనక నిలబడి చెయ్యి వేసేవాడు.

చెరువుగట్టు జాతరకు పోయినప్పుడు నాకు మొదటి అనుమానం వచ్చింది. మాఘమాసంలో జడల రామలింగేశ్వరస్వామి గుట్ట కింద బుగ్గల దుకాణం. చెక్క పలకకు రంగురంగుల బుగ్గలు, ముందు బల్ల మీద రెండు తుపాకులు. దుకాణపాయన వాటినీ డయానా అనే అన్నాడు. కానీ దాని మీద అమ్మవారు లేదు. మా దానిపై 27 అని ఉంటే, దానిపై 35. ఎత్తి చూస్తే బరువు. గురి చూసే ముల్లు ఎడమకు వంగి ఉంది, అదెందుకు వంగిందో బుగ్గలు కొట్టిన వాళ్లందరికీ తెలుసు. ఒకే పేరున్నవి రెండు, రెండూ వేరు. మామను అడిగితే "అది దాని పెద్దన్న రా అల్లుడా" అన్నాడు. సగం సరైన జవాబే. మిగతా సగం తెలుసుకోవడానికి నేను పెద్దవాణ్ని కావలసి వచ్చింది.

జర్మనీలో రాష్టాట్ అనే ఊళ్లో 1890లో మాయర్, గ్రామెల్స్‌పాఖర్ అనే ఇద్దరు మొదలుపెట్టిన కంపెనీది ఈ డయానా. 27 నంబరు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానికే ఉంది. రెండో యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక కంపెనీ యంత్రాలూ, డయానా అన్న పేరూ బ్రిటన్‌కు పోయాయి. స్కాట్లాండ్‌లోని మదర్‌వెల్‌లో మిల్‌బ్రో అనే సంస్థ ఆ యంత్రాలతో అదే బొమ్మ వేసి తుపాకులు చేసింది. అసలువాళ్లు 1950 ప్రాంతంలో రాష్టాట్‌లో మళ్లీ పని మొదలుపెడితే, బ్రిటన్‌లో తమ సొంత పేరే పెట్టుకోలేక 'ఒరిజినల్' అని అమ్ముకోవలసి వచ్చింది. పేరు మళ్లీ చేతికొచ్చింది 1980లలోనే. అమెరికాకు పోతే మరో వేషం. ఇదే 27 అక్కడ హై-స్కోర్ 807 అయింది, వించెస్టర్ 427 అయింది. 35కు వించెస్టర్ పెట్టిన నంబరు 435. గొట్టం అదే, స్ప్రింగు అదే, ముద్ర మాత్రం కొన్నవాడిది.

మరి చెరువుగట్టు 35 ఎక్కడిది? అది మన దేశంలో పుట్టిందే. వాల్‌చంద్ హీరాచంద్ 1926లో పెట్టిన ఇండియన్ హ్యూమ్ పైప్ కంపెనీ అంటే అందరికీ సిమెంటు పైపులే గుర్తొస్తాయి. ఆ కంపెనీయే గాలి తుపాకులూ చేసింది. ఐహెచ్‌పి ముద్రతో వచ్చిన 35, జర్మన్ 35ను చూసి చేసిన తుపాకి. జాతర బల్లల మీద ఒరిగి ఉన్నవి ఎక్కువ అలాంటి దేశవాళీవే. కర్ర నాసిరకం, నలుపు పూత తొందరగా పోతుంది. అయినా ఎండలో, దుమ్ములో, రోజుకు వందలసార్లు వంచినా పనిచేసేవి. నా లెక్కలో అది తక్కువ గొప్ప కాదు.

27 గొప్పతనం అసలు ట్రిగ్గర్‌లో ఉందని నాకు తెలిసింది మామ తుపాకి విప్పిన రోజు. దెబ్బ బలం తగ్గిందని ఆయన వాకిట్లో గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. వెనక గడియ తీసేటప్పుడు స్ప్రింగు ఎగిరి మీద పడకుండా ఇద్దరు మనుషులు గోడకు ఒత్తి పట్టుకోవాలి. పిస్టన్ ముందు తోలు బిళ్ల ఎండి పెళుసెక్కింది. చెప్పులు కుట్టే తాత దగ్గర మంచి తోలుముక్క తెచ్చి, నీళ్లల్లో నానబెట్టి, గిన్నెలాగా ఒత్తి ఆరబెట్టి, పల్లినూనె పట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. ట్రిగ్గర్ వైపు నుంచి చిన్న ఉక్కు గోళీలు మూడు రాలి వాకిలంతా దొర్లాయి. రెండు దొరికాయి. మూడోదాని కోసం అత్తమ్మ చీపురు పట్టింది, మేం చాట పట్టి మట్టి జల్లించాం. చివరికి సైకిలు షాపులో అదే సైజు బేరింగు గోళీ వెతికి తెచ్చుకున్నాం.

పిస్టన్ కడ్డీని పట్టి ఉంచేవి ఆ మూడు గోళీలే. చుట్టూ ఉన్న కప్పు పక్కకు జరిగితే గోళీలు విడిపోతాయి, పిస్టన్ దూకుతుంది. అందుకే 27 ట్రిగ్గర్ వేలికి వెన్నలా తగిలేది. యుద్ధానికి ముందు చేసిన 27లలో ఈ ఏర్పాటు లేదు. దాని చిన్న తమ్ముడు 25కు మామూలు కొక్కెం ట్రిగ్గర్. గోళీలు పెట్టినదాన్ని విడిగా 25డి అన్నారు. జర్మన్ 35లోనూ గోళీలున్నాయి, కానీ అది బాగా బరువు, ఆ బరువుకు తగ్గ బలం మాత్రం అదనంగా లేదు. పొలం గట్ల మీద పట్టుకొని తిరగడానికైనా, పిల్లవాడు నేర్చుకోవడానికైనా 27 ముందు 35 నిలవదు. దుకాణదారులు 35ను ఎందుకు ఇష్టపడ్డారంటే, బల్ల మీద పెద్దగా కనపడుతుంది గనక.

1984లో 34 అనే కొత్త నంబరు వచ్చింది. ఆ పదేళ్లలోనే 27, 35 రెండూ ఆగిపోయాయి. అదే 1984లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఒలింపిక్స్‌లో చేరింది. 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ లండన్‌లో కాంస్యం గెలిచిన పోటీ అదే. ఆ రైఫిళ్లలో ఇప్పుడు స్ప్రింగు లేదు, సిలిండర్‌లో ముందే నింపిన గాలి. మామ అది టీవీలో చూసి "దంచుడే లేదు, ఇంక మజా ఏముంది" అన్నాడు.

2016లో మోత్కూరు నల్లగొండ నుంచి విడిపోయి యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసింది. పాత ఇళ్లు చాలా పడగొట్టారు, దూలాలు పోయాయి. మీ ఇంటి అటక మీద ఇలాంటి పాత తుపాకి ఉంటే రంగు వేయకండి, గరుకు కాగితంతో రుద్దకండి. లోహపు గొట్టం వెనక కొసన ఎడమపక్క, కర్రకు ఆనుకొని ఉన్నచోట గుడ్డతో తుడిచి చూడండి. యుద్ధం తరువాతి జర్మన్ డయానా అయితే అది తయారైన నెల, సంవత్సరం అక్కడ చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి. మా మామదానికి 9, 56 అని ఉంది. పిట్టల జోలికి మాత్రం పోకండి, 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. పెల్లెట్ లేకుండా ఖాళీగా కొట్టకండి, పిస్టన్‌కు అడ్డు గాలి ఉండదు, స్ప్రింగు విరుగుతుంది.