ఓడెక్కిన కారు

లండన్‌ల ఉండే తమ్ముడు నిన్న వీడియో కాల్ చేసిండు. డోవర్ రేవుల, ఓడెక్కే లైన్ల ఉన్నడు. సొంత కారు, వెనుక సీట్ల పిల్లలు. గంటన్నరల ఫ్రాన్స్ రేవు కాలే చేరుతరు. అక్కడి నుంచి పది రోజులు ఆ దేశం తిరుగుతరట.

అమ్మకు నమ్మకం కుదరలే. "కారుతోని సముద్రం దాటుడేందిరా?" అని ఒకటే అడుగుడు. ఆమెకు నీళ్లు దాటుడంటే సోన్ బ్రిడ్జి మీద గోదావరి దాటుడే.

తమ్ముడు ఫోన్‌ను హెడ్‌లైట్ దగ్గర పెట్టి చూపించిండు. అద్దం మీద చిన్న స్టిక్కర్. బ్రిటన్‌ల మనలెక్కనే ఎడమపక్క నడుపుతరు, ఫ్రాన్స్‌ల కుడిపక్క. ఎదురొచ్చేటోళ్ల కండ్లల్ల లైటు కొట్టొద్దని అది. వెనుక 'యూకే' అక్షరాలు. 2021 సెప్టెంబర్ దాకా అవి 'జీబీ'. ఎర్ర త్రిభుజం, మెరిసే జాకెట్ కూడా కార్ల ఉండాలె. ఓడల బండి పెట్టినంక హ్యాండ్ బ్రేక్ వేసి అందరూ పైఅంతస్తుకు పోవుడే.

రాత్రి నిద్ర పట్టలే. మా బాల్కొండ దగ్గర 44 నంబర్ హైవే ఎక్కితే నేరుగా కన్యాకుమారి. సముద్రం అవుతల శ్రీలంకల కూడా ఎడమపక్కనే నడుపుతరు. కానీ 2023 అక్టోబర్‌ల మొదలైన నాగపట్నం–కాంకేసంతురై ఓడ మనుషులకే, కార్లకు కాదు. కార్లు పోయే ఓడ ఒక్కటి పడితే ఎంత బాగుండు! బండిని తిరిగి తెస్తమని పూచీ ఇచ్చే 'కార్నే' కాగితం ఎంత ఖర్చైనా తీసుకుంట.

నాన్న పన్నెండేండ్లు సౌదీల సేఠ్ కారు నడిపిండు. పొద్దున కాలే నుంచి తమ్ముడు ఒక ఫోటో పంపిండు. స్టీరింగ్ ముందట, నాన్న పాస్‌పోర్ట్ ఫోటో అతికించి ఉంది.