పేరులో చిలుక ఉన్న పేట

పురసవాక్కం పేరులోని 'పురసు' మన మోదుగే. గంగాధీశ్వరర్ కోవెల స్థలవృక్షం కూడా అదే. పువ్వు చిలుక ముక్కులా ఉంటుందని సంస్కృతంలో దాన్ని కింశుకం అన్నారు, 'ఇది చిలుకా ఏమిటి?' అని. అలాంటి పేటలో ఉంటూ, కార్లకు చోటు కోసం ఆవరణలోని ముసలి వేపను కొట్టించాలా వద్దా అని వాదించుకుంటున్నాం.

హాంగ్‌కాంగ్ సంగతి చూడండి. ఇండోనేషియా, తూర్పు తిమోర్‌లకు చెందిన పసుపు జుట్టు కాకటూలను పంజరాల కోసం పట్టి పట్టి అక్కడ దాదాపు లేకుండా చేశారు. అదే వ్యాపారంలో హాంగ్‌కాంగ్ చేరి, పంజరం తప్పించుకున్నవి అక్కడి పార్కుల్లో పిల్లల్ని పెంచాయి. ఇప్పుడవి 200 దాకా ఉన్నాయి. లోకంలో స్వేచ్ఛగా మిగిలిన ఆ జాతిలో సుమారు పదో వంతు! తిండికి లోటు లేదు, గూటికే కరువు. కాకటూ తొర్ర తొలుచుకోలేదు. పాత చెట్టులో ఏర్పడ్డ తొర్రే దానికి ఇల్లు.

మన రామచిలుకలకు అంత గండం లేదు. రాయపేటలో జోసెఫ్ శేఖర్ గారు మేడ మీద బియ్యం పెడితే వేలల్లో వాలేవి. అయినా పిల్లల్ని పెట్టడానికి వాటికీ తొర్రే కావాలి. (వాటిని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పేర్లు వద్దు లెండి.)

ఆదివారం సమావేశంలో మా ఇంటిల్లిపాది అడిగేది ఒకటే: పడిపోయేలా ఉన్న కొమ్మలు కోయించండి, తొర్ర ఉన్న మానును ఉంచండి.